కరెంటు బల్ల ఎక్కే ముందు

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు తాలూకా ఆఫీసుల రోజుల గురించి వ్రాద్దామనుకున్నాను. కాని 1985లో మండలాలు వచ్చి మన అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాలు పోయిన కథ మనలో అందరికీ తెలిసిందే, చాలామంది వ్రాసిందే. అందుచేత ఎవరూ వ్రాయని విషయం ఒకటి ఎత్తుకుంటున్నాను. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక గనుక కొంత సంకోచం లేకపోలేదు. అయినా డెబ్బై దాటిన మన మగవాళ్ళలో ఈ బాధ దాచుకుంటున్నవారు ఉన్నారని నాకు తెలుసు. ప్రోస్టేటు గ్రంథికి వచ్చే కేన్సరు, దానికి కరెంటు పెట్టించుకునే ముందు పడే పాట్లు, ఆ పాట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదీ నా విషయం.

కరెంటు పెట్టడం అన్నది మనం పెట్టుకున్న పేరే. ఒంట్లోకి కరెంటేమీ పోదు. పోయేది ఎక్స్‌రే కిరణం, కాకపోతే ఛాతీ ఫోటో తీసేదానికన్నా ఎన్నో రెట్లు బలమైనది. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. 1898లో పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టారు. మన ఇళ్ళల్లో రాచపుండు అని గొంతు తగ్గించి చెప్పుకునే ఆ జబ్బు మీద ఈ రెండింటినీ ప్రయోగించడానికి డాక్టర్లు ఎంతోకాలం ఆగలేదు.

ప్రోస్టేటు ఉన్న చోటే చిక్కు. మూత్రాశయానికి కింద, మలాశయానికి ముందు, మధ్యలోంచి మూత్రనాళం పోతూ, చింతగింజంత కాకపోయినా వక్కంత ఉంటుంది. వయసు మీద పడ్డకొద్దీ పెరుగుతుంది. పైనుంచి చూస్తే కనపడదు, చేతికి అందదు. 1910 ప్రాంతానికే పారిస్‌లో మూత్రనాళం గుండా గొట్టం దూర్చి, దాని కొసన రేడియం పెట్టి చూశారు. 1915 తరువాత అమెరికాలో బాల్టిమోర్ నగరంలో హ్యూ యంగ్ అనే డాక్టరు అందుకోసం ప్రత్యేకంగా పనిముట్లే చేయించి, మూత్రనాళం వైపు నుంచీ మలద్వారం వైపు నుంచీ రేడియం పెట్టేవాడు. ఆ రోగులు ఎంత ఓర్చుకున్నారో ఆలోచిస్తే నా పాట్లు నాకే చిన్నవిగా కనపడతాయి.

ఆ తరువాత కొంతకాలం ఈ దారి వెనకబడింది. 1941లో షికాగోలో ఛార్లెస్ హగ్గిన్స్ అనే ఆయన, మగ హార్మోను ఆగిపోతే ఈ కేన్సరు లొంగుతుందని చూపించాడు. దానికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. వృషణాలు తీసివేయడం, లేదా ఆడ హార్మోను మాత్రలు ఇవ్వడం, ఇదే చాలా ఏళ్ళు ప్రధాన వైద్యం. మన పెద్దల కాలంలో కొందరు ‘చిన్న ఆపరేషను’ అని చెప్పి పట్నం వెళ్ళి వచ్చి, అదేమిటో ఎవరికీ చెప్పకుండా మాట తప్పించేవారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే వారిలో కొందరిది ఇదే అయి ఉంటుందనిపిస్తుంది.

1951లో కెనడాలో కోబాల్టు యంత్రాలు వచ్చాయి. 1956లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాల్కం బాగ్‌షా అనే డాక్టరు లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రంతో ప్రోస్టేటుకు కిరణాలు పెట్టడం మొదలుపెట్టాడు. బయటనుంచి, కత్తి పెట్టకుండా. ఇక్కడే మన విషయం మొదలవుతుంది. బయటనుంచి పెట్టాలంటే లోపల గ్రంథి ఎక్కడుందో తెలియాలి. మామూలు ఎక్స్‌రేలో ఎముకలే కనపడతాయి, ప్రోస్టేటు కనపడదు. అందుకని ఏం చేశారంటే, మూత్రనాళంలోంచి ఫోలీ గొట్టం ఎక్కించి, దాని కొసనున్న బుడగలో ఎక్స్‌రేకు కనపడే మందు నింపేవారు. ఆ బుడగ మూత్రాశయం అడుగున ఆనుతుంది గనుక దాని కిందనే ప్రోస్టేటు అని లెక్క. మలాశయంలో బేరియం ఎక్కించేవారు, దాని ముందు గోడ తెలియడానికి. గ్రంథి కింది అంచు ఎక్కడో తెలియాలంటే మూత్రద్వారంలో రంగుమందు నింపి, అది బయటికి రాకుండా క్లిప్పు పెట్టి ఫిల్ము తీసేవారు. గంటసేపు కదలకుండా గట్టి బల్ల మీద. మన సర్వే డిపార్టుమెంటు వారు హద్దురాయి కనపడక చుట్టూ ఉన్న రాళ్ళను బట్టి కొలత వేసినట్టే.

ఇంతకంటె విచిత్రం ఇంకొకటుంది. ధ్వని తరంగాలతో ఈ గ్రంథిని చూడడానికి 1970ల తొలి రోజుల్లో జపాను డాక్టరు వతనబె ఒక కుర్చీ తయారుచేశాడు. కుర్చీ మధ్యలోంచి పరికరం పైకి నిలబడి ఉంటుంది. రోగి దాని మీద కూర్చోవాలి! చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ పరికరానికి మనుమడి వంటిదానితోనే నాకు ముక్క పరీక్ష చేశారు. అప్పుడు నవ్వు రాలేదు.

గొట్టాల బాధ తప్పించింది సి.టి. స్కానింగు. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మీద మొదటి రోగిని 1971లో చూశారు. 1979లో ఆయనకూ, కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. సి.టి.లో గ్రంథి, మూత్రాశయం, మలాశయం మూడూ కనపడతాయి. ఇక కొలతలన్నీ కంప్యూటరులోనే. కాని ఒక బాధ పోతే ఇంకొకటి వచ్చింది. స్కాను తీసిన రోజున కడుపు లోపల ఎలా ఉందో, కిరణం పెట్టే ప్రతిరోజూ అలాగే ఉండాలి. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పైకి తప్పుకుంటాయి, మూత్రాశయంలో చాలా భాగం కిరణానికి దూరంగా ఉంటుంది. మలాశయం ఖాళీగా ఉంటే ప్రోస్టేటు కదలకుండా ఉంటుంది. గ్యాసు నిండితే గ్రంథి ముందుకు జరుగుతుంది. కొన్ని మిల్లీమీటర్లే, కాని గురి తప్పడానికి అవి చాలు. ఇది ఊరికే చెప్పే మాట కాదు. స్కాను తీసిన రోజున మలాశయం ఉబ్బి ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని అమెరికాలో హ్యూస్టన్ నగరపు ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి వారు 2005లో ప్రకటించారు. ఎనీమా ఇచ్చే నర్సు మీద నాకు కోపం తగ్గింది ఈ సంగతి తెలిసిన తరువాతే.

మన వైపు నుంచి ఈ వైద్యానికి వెళ్ళడం అన్నదే ఒకప్పుడు పెద్ద పని. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బార్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ 1934 నాటిది. ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో వచ్చింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్‌గారి పేరిట ఉన్న ఆసుపత్రి 1955 నాటిది. బసవతారకం ఆసుపత్రి 2000లో ప్రారంభమైంది. దాని వెనుక కృషి చేసినవారిలో ఒకరైన డాక్టర్ నోరి దత్తాత్రేయుడుగారు కృష్ణా జిల్లా మంటాడవారు, న్యూయార్కులో కిరణ వైద్యంలోనే పేరు తెచ్చుకున్నారు. మన కోనసీమకు అటు గౌతమి, ఇటు వసిష్ఠ. కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాలి, లేదా ఎదుర్లంకలో దాటి యానాం చేరాలి. ఎదుర్లంక వంతెన 2002లో గాని రాలేదు. పంటు కోసం గట్టున కూర్చుని, ఒంటికి ఆగని ముసలివాడు ఎంత ఇబ్బంది పడేవాడో మనకు తెలియనిది కాదు.

అసలు తిరకాసు అక్కడే ఉంది. ఈ జబ్బు వచ్చినవాడికి ఒంటికి ఆగదు. రాత్రి నాలుగుసార్లు లేస్తాడు. అటువంటివాణ్ణి పట్టుకుని, అరలీటరు నీళ్ళు తాగి గంటసేపు ఆపుకుని రా అంటారు.

నాకు 2022లో తేలింది. రక్తంలో పి.ఎస్.ఎ. పరీక్షతో అనుమానం వచ్చి, ముక్క పరీక్షతో నిర్ధారణ అయింది. ఒక పట్నంలోని ఆసుపత్రికి స్కాను కోసం మా అబ్బాయి తీసుకువెళ్ళాడు. ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు ఫైళ్ళు నడిపినవాణ్ణి కనుక చదివాను, కాని ఎన్ని గంటలకు తాగాలో అందులో లేదు. తొమ్మిదింటికి తాగమన్నారు. తాగాను. పదింటికి పిలుస్తామన్నారు. యంత్రం దగ్గర ఏదో ఆలస్యం, ఎవరూ చెప్పలేదు. పదకొండు దాటింది. పక్కన కూర్చున్న పెద్దాయన ముఖం చూస్తే ఆయనదీ నా అవస్థే. మా అబ్బాయి రెండుసార్లు వెళ్ళి అడిగి వచ్చాడు. చివరికి నన్ను పిలిచి, గౌను వేసి, బల్ల ఎక్కించి, కాళ్ళు సర్దేసరికి ఇంక ఆగలేదు. బల్ల తడిసింది.

నా సర్వీసులో ఎన్ని మెమోలు తిన్నా, ఒకసారి సస్పెన్షను దాకా వెళ్ళినా ఇంతగా తల వంచుకోలేదు. ఆ కుర్రవాడు మంచివాడు. “ఏం ఫరవాలేదు తాతగారూ, రోజూ ఉండేదే,” అని గుడ్డ తెచ్చాడు. మళ్ళీ నీళ్ళు తాగి ఇంకో గంట కూర్చోవాలన్నాడు. “ఆయ్, అలాగే బాబూ,” అన్నాను గాని ఇంటికి వెళ్ళిపోదామనే అనిపించింది.

వెళ్ళిపోకపోవడానికి కారణం నా సర్వీసు మిత్రుడొకడు. నాకన్నా ఎనిమిదేళ్ళ ముందు అతనికి ఇదే జబ్బు. అప్పట్లో ముప్ఫై ఏడు రోజులు పెట్టాలన్నారు. ఏడు రోజులు వెళ్ళి మానేశాడు. దూరమనీ, ఖర్చనీ అందరికీ చెప్పాడు. ఆఖరుకు ఇంట్లోవాళ్ళకూ అదే చెప్పాడు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు నాతో మాత్రం, “బల్ల మీద తడిపేసుకుంటున్నానోయ్, ఆ ఆడపిల్లల ముందు ఇంక వెళ్ళలేను,” అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. మూడేళ్ళకు పోయాడు. వైద్యం మానడం వల్లనే అని నేననలేను, ఆ లెక్క డాక్టర్లకు తెలియాలి. కాని సిగ్గు వల్ల మానేశాడన్నది మాత్రం నాకు తెలుసు, ఆ రోజు నేను నోరు విప్పలేదన్నదీ తెలుసు.

రెండోసారి సవ్యంగా జరిగింది. స్కాను అయ్యాక పొట్టకింద ఒకటి, చెరో తుంటి మీదా ఒకటి, చుక్కలు పెట్టారు, పోని సిరాతో. మా అమ్మకు జగ్గన్నతోట తీర్థంలో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉండేది. నాకు డెబ్బై మూడో ఏట అయింది. కొందరికి గ్రంథిలో బియ్యపుగింజ కన్నా చిన్నవి మూడు బంగారు గింజలు పెడతారట, గురి కోసం. నాకు పెట్టలేదు. మా ఆవిడ, “పోన్లెండి, బంగారం ధర చూశారా,” అంది.

పథ్యం దగ్గర మాత్రం కష్టమైంది. గ్యాసు చేసేవి వద్దన్నారు. శనగపప్పు, బంగాళాదుంప, అన్నిటికీ మించి పనసపొట్టు కూర. కొబ్బరి బొండం తాగవచ్చా అని అడిగితే, కొలత తెలియాలి గనుక మామూలు నీళ్ళే తాగమన్నారు. నాకు ఇరవై రోజులతో సరిపోయింది. ముప్ఫై ఏడు రోజులు పెట్టినా, రోజుకు కొంచెం ఎక్కువ మోతాదున ఇరవై రోజులు పెట్టినా ఫలితం ఒక్కటేనని ఇంగ్లండులో మూడువేల మందికి పైగా రోగుల మీద చేసిన పరిశీలన 2016లో వెలువడింది. ఇప్పుడు తగిన రోగులకు అయిదు రోజులతో కూడా సరిపెట్టవచ్చని 2024లో ఇంకొకటి వచ్చింది. మా మిత్రుడికి ఇవి అందలేదు.

ఇరవై రోజుల్లో ఒంటికి ఆపుకునే కిటుకులు కొన్ని తెలిశాయి. ముందురోజంతా నీళ్ళు సరిగా తాగితే మర్నాడు మూత్రాశయం తొందరపెట్టదు. వెళ్ళగానే ఒకసారి ఖాళీ చేసుకుని అప్పుడు లెక్కగా తాగాలి. ఉదయం కాఫీ మానాలి, ఇది నాకు మలబద్ధకం మందు కన్నా చేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంక ఆగదనిపిస్తే వెంటనే చెప్పాలి. సగం వదిలి మళ్ళీ తాగనిస్తారు. ఎవరూ కోప్పడరు. ఎవరికి ఎంత నీళ్ళు, ఎంతసేపన్నది మనిషినీ ఆసుపత్రినీ బట్టి మారుతుంది, కనుక నా లెక్క మీ లెక్క కాదు.

పదకొండో రోజున ఆ కుర్రవాణ్ణి అడిగి, తెల్లకాగితం మీద తెలుగులో ఒక నోటీసు వ్రాశాను. మనకు చేతనైన పని అదే కదా. ఎప్పుడు ఖాళీ చేసుకోవాలి, ఎన్ని గ్లాసులు, ఎన్నింటికి, ఆలస్యమైతే ఎవరిని అడగాలి, ఆగకపోతే ఏం చెప్పాలి. చివర ‘బల్ల తడిసినా ఎవరూ ఏమీ అనుకోరు’ అని ఒక వాక్యం చేర్చాను. పెద్ద డాక్టరుగారు చదివి, నీళ్ళ కొలత ఒకచోట దిద్ది, ఆ చివరి వాక్యం కింద గీత గీసి, గోడకు అంటించమన్నారు. దాని జిరాక్సులు పాతిక తీసి మన సంఘం కార్యాలయంలో బీరువా పై అరలో ఉంచాను. డాక్టరుగారికి చూపించి కొలతలు మార్పించుకుని వాడుకోవచ్చు. రిజిస్టరులో సంతకం చెయ్యనవసరం లేదు.