ఉపమానం దొరికింది, సమానధర్మం ఏది?

విద్యార్థులారా! ఉపమాలంకారానికి నాలుగు అంగాలుంటాయని మీరు తెలుగు పాఠంలో చదువుకున్నారు. అవి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. సమానధర్మం చెప్పకుండా వదిలేసిన ఉపమను లుప్తోపమ అంటారు. కవిత్వంలో అది సొగసుగానే ఉంటుంది. చరిత్ర విద్యార్థి మాత్రం దాన్ని విడిచిపెట్టకూడదు. ఎందుకో ఒక సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక ద్వారా, ఆ తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని హిజ్లీ చరిత్ర ద్వారా పరిశీలిద్దాం.

ఆ ధారావాహిక పేరు 'బాటిల్‌స్టార్ గెలాక్టికా'. మనిషి తయారుచేసిన సైలాన్లు అనే యంత్రజాతి మానవ నాగరికతను నాశనం చేయగా, మిగిలిన కొద్దివేల మంది నౌకలలో పారిపోవడం ఇందులోని కథ. 1978లో గ్లెన్ లార్సన్ దీన్ని మొదట నిర్మించాడు. రొనాల్డ్ మూర్, డేవిడ్ ఐక్ కొత్తగా మలచిన రూపం 2003లో మొదలై 2009 దాకా అమెరికాలో ప్రసారమైంది. ఇందులో ఏ పాత్ర ఎవరికి ప్రతిబింబం అన్నదానిపై అభిమానులు ఏళ్ల తరబడి ఊహాగానాలు చేశారు.

కొన్ని ఊహలకు ఆధారం గట్టిగానే ఉంది. 1978 కథలో మానవజాతి పుట్టిన గ్రహం పేరు కోబోల్, పాలక మండలి సభ్యులు పన్నెండు మంది. మోర్మన్ మతగ్రంథాలలో కోలోబ్ అనే నక్షత్రం ఉంది, ఆ మతసంస్థను నడిపే పెద్దలలో పన్నెండుగురు అపొస్తలుల మండలి ఉంది. లార్సన్ ఆ మతస్థుడు. పేర్లు కలిశాయి, రచయితకు అవి తెలిసే అవకాశమూ కనబడుతోంది. ఇలాంటి పోలికను 'మూలం' అనవచ్చు.

2006లో ప్రసారమైన భాగాలలో చిక్కు ప్రశ్న వచ్చింది. మనుషులు న్యూ కాప్రికా అనే గ్రహంపై స్థిరపడతారు. సైలాన్లు వచ్చి దాన్ని ఆక్రమిస్తారు. ఎన్నికైన అధ్యక్షుడు గయస్ బాల్టార్ లొంగిపోయి, వారి కిందనే పదవిలో కొనసాగుతాడు. ఇతడు రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీతో సహకరించిన ఫ్రాన్స్ పాలకుడు మార్షల్ పెటైన్ అని కొందరన్నారు. అప్పటికి మూడేళ్లుగా ఇరాక్‌లో ఉన్న అమెరికా సేనలను సైలాన్లలో చూసినవారు మరికొందరు.

సమానధర్మం ఏమిటో అడుగుదాం. ఇద్దరూ ఆక్రమణ నీడలో ప్రభుత్వం నడిపారు, ఇద్దరూ తర్వాత విచారణ ఎదుర్కొన్నారు. అంతవరకు పోలిక నిలుస్తుంది. తేడాలు చూడండి. బాల్టార్ శాస్త్రవేత్త. తలకు తుపాకీ గురిపెడితే ఖైదీల మరణ ఉత్తర్వుపై సంతకం చేస్తాడు. పెటైన్ ప్రభుత్వం 1940 అక్టోబరులో యూదులపై ఆంక్షల చట్టాన్ని తనంతట తానే తెచ్చింది. 2010లో బయటపడిన ముసాయిదాలో, దాన్ని మరింత కఠినం చేస్తూ పెటైన్ స్వయంగా చేసిన సవరణలున్నాయి. 1945లో పెటైన్‌కు మరణశిక్ష పడి యావజ్జీవంగా మారింది. బాల్టార్‌ను అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు నిర్దోషి అన్నారు. కాబట్టి 'బాల్టార్ అంటే పెటైనే' అని ఊరుకుంటే, నిర్బంధంగా చేసిన నేరానికీ, ఇష్టపడి చేసిన నేరానికీ ఉన్న తేడా మరుగున పడుతుంది.

అదే కథలో కర్నల్ టై అనే సైనికాధికారిని విచారణ లేకుండా నిర్బంధించి, హింసించి, ఒక కన్ను పోగొడతారు. మన దేశంలో ఈ దృశ్యం చూసినవారికి హిజ్లీ గుర్తుకు రావచ్చు.

ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకు వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్‌ను ఆనుకునే హిజ్లీ ఉంది. 1930లో అక్కడ బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధ శిబిరం తెరిచింది. నేర విచారణ జరపకుండానే బెంగాల్ యువకులను అందులో ఉంచింది. 1931 సెప్టెంబరు 16న కాపలాదారులు జరిపిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. మృతదేహాలకోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చాడు. కలకత్తా నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ మాట్లాడాడు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘమే కాల్పులకు సమర్థన లేదని తేల్చింది.

ధారావాహిక రచయితలు హిజ్లీని తలచుకున్నారనడానికి ఆధారం ఏమీ లేదు. ఇది మూలం కాదు, 'సామ్యం' మాత్రమే. అయినా దీనికి సమానధర్మం ఉంది: నేరం రుజువు చేయకుండా మనిషిని బంధించే అధికారం. ఒకసారి దాన్ని గుర్తించాక, అది మరెక్కడ ఉందో కూడా చూడవలసి ఉంటుంది.

కథలో అది టై చేతికే వస్తుంది. విడుదలయ్యాక అతడు ఒక రహస్య న్యాయపీఠంలో కూర్చుంటాడు. ఆక్రమణదారులకు తోడ్పడ్డారన్న ఆరోపణపై, తమ వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండానే ఆ పీఠం మనుషులను చంపిస్తుంది. ప్రతిఘటనకు రహస్యంగా సాయం చేసిన యువ అధికారి గేటాను కూడా చంపబోయి, నిజం తెలిసి ఆగుతుంది.

మన చరిత్రలోనూ ఈ ప్రశ్న తప్పదు. 1950 సెప్టెంబరులో హిజ్లీ శిబిరం భవనానికి ఉన్నత సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. 1951లో అది దేశపు తొలి ఐఐటీగా ప్రారంభమైంది. అదే 1950 ఫిబ్రవరిలో మన పార్లమెంటు నివారక నిర్బంధ చట్టం చేసింది. విచారణ లేకుండా నిర్బంధించేందుకు అది వీలిచ్చింది. నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ దాన్ని సవాలు చేయగా, ఆ మే నెలలో సుప్రీంకోర్టు ఒక్క సెక్షన్ కొట్టివేసి మిగతా చట్టాన్ని నిలబెట్టింది. పలుమార్లు పొడిగింపు పొందుతూ అది 1969 చివరి దాకా అమలులో ఉంది.

అయితే స్వతంత్ర భారతం, బ్రిటిష్ ప్రభుత్వం ఒకటేనా? కాదు. 1950 చట్టం రాజ్యాంగానికి లోబడినది, న్యాయస్థానం పరిశీలించినది. ఈ తేడా చెప్పకపోతే పోలిక అన్యాయమవుతుంది. సమానధర్మం చెప్పకపోతే పోలిక అసంపూర్ణమవుతుంది. చరిత్ర విద్యార్థి రెండూ చెప్పాలి.

2009 మార్చిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఈ ధారావాహిక నిర్మాతలు, నటులతో మానవహక్కులపై చర్చ జరిగింది. కల్పిత పాత్రలకు అంత గౌరవం దక్కడానికి కారణం, అవి ఎవరిని పోలి ఉన్నాయో తెలియడం కాదు, ఏ విషయంలో పోలి ఉన్నాయో ఆలోచింపజేయడం. హిజ్లీ పాత శిబిరంలో 1990 నుంచి నెహ్రూ పేరిట విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం ఉంది. యంత్రాలు చూడవచ్చిన విద్యార్థి అక్కడి అమరుల పేర్లు కూడా చదివి, వారిని ఏ చట్టం కింద అక్కడ ఉంచారని అడిగితే, అతడికి సమానధర్మం వెతకడం వచ్చినట్లే.