గడప దాటని గంటన్నర

రాజుల దండయాత్రలను చరిత్రకారులు తిథులతోసహా వ్రాసి యుంచిరి. నొప్పులు మొదలైన స్త్రీ తన యింటి గడప దాటి ఆసుపత్రి గడప చేరుటకు చేసిన ప్రయాణమును గూర్చి వ్రాసినవారు తక్కువ. ఎందఱి ప్రాణములో ఆ త్రోవలోనే పోయినవి గనుక, ఆ చరిత్రమును కొంతయైనను తెలిసికొనుట గృహస్థులకు విధి.

మన పూర్వుల కాలమున ఇట్టి ప్రయాణమే అరుదు. కాన్పు సాధారణముగా పుట్టినింట, మంత్రసాని చేతిమీదుగా జరిగెడిది. అనుభవముగల మంత్రసానులు లేకపోలేదు. కాని బిడ్డ అడ్డము తిరిగినప్పుడును, రక్తము నిలువనప్పుడును వారు చేయగలది స్వల్పము. పురుషవైద్యునికి చూపుట మర్యాదకు లోపమని తలచు ఇండ్లకు ఆసుపత్రి యున్నను లేనట్లే. ఈ చిక్కు తీరుటకే స్త్రీవైద్యులు నడపు ఆసుపత్రులు వెలసినవి. 1883లో అమెరికానుండి గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లర్‌గారు స్త్రీలకును, శిశువులకును అక్కడ ఆసుపత్రి నెలకొల్పిరి. ఏలూరు జమీందారులగు రాజా భుజంగరావుగారు దాని యెదుట రోగుల బంధువులకై ఒక సత్రము కట్టించిరి. వైద్యశాల యున్నంతమాత్రమున చాలదు, దాని చెంతకు వచ్చి నిలుచుటకు వీలును ఉండవలె నను ఎఱుక ఆ సత్రములో గలదు.

మన హైదరాబాదులో నిజాముగారి కోడలు నిలోఫర్ రాకుమారి, తన పరిచారిక ప్రసవవేళ మరణించినందుకు కలతచెందెను. 1953లో వెలసిన నిలోఫర్ ఆసుపత్రికి ఆ దుఃఖమే మూలము. నేడు మధురానగరమునందలి గృహస్థునకు ఆసుపత్రులు కొఱతకావు. కొఱత కాలమునకే వచ్చినది.

1994లో థాడియస్, మెయిన్ అను ఇరువురు విదుషీమణులు ప్రసూతి మరణములకు మూడు జాప్యములు కారణమని వివరించిరి: ఇంట నిశ్చయించుటలో జాప్యము, త్రోవలో జాప్యము, ఆసుపత్రిలో చికిత్స మొదలగుటలో జాప్యము. కాన్పు పిదప అధికముగా రక్తము పోయినచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చునని వైద్యుల అంచనా.

రెండవ జాప్యమును తగ్గించుటకు మన రాజ్యములు యత్నించినవి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థ 108 అంబులెన్సులను ఆరంభించెను. 2011లో కేంద్రప్రభుత్వము ప్రభుత్వాసుపత్రులలో కాన్పును, పోకరాకలను ఉచితము చేసెను. మన్యమున దారిలేని గూడెములనుండి గర్భిణులను డోలీలలో మోసికొనివచ్చుట ఇంకను పూర్తిగా మానలేదు. ఆ దోషము రాజ్యమునకు చెందినది. కాని మొదటి జాప్యము మనది.

ఇందుకు నేనే సాక్షిని. కొన్నియేండ్ల క్రిందట మా వీధిలో ఒక యింటి కోడలికి రాత్రివేళ రక్తము కనబడెను. సంస్కృతము చదివినవాడనని ఆ యింటి పెద్ద నాచేతికి పంచాంగమిచ్చి, బయలుదేరవచ్చునా యని యడిగిరి. వర్జ్యము వచ్చినదని చెప్పితిని. వర్జ్యమనగా నాలుగు ఘడియలు, అనగా గంటన్నరకు పైగా. అంతవఱకు కారు వాకిట నిలిచియే యున్నది. ఆ తల్లి దక్కెను, బిడ్డ దక్కలేదు. ఆ గంటన్నరయే కారణమని వైద్యులు చెప్పలేదు. నా మనస్సు చెప్పుచునే యున్నది.

కావున సోదరీసోదరులారా! ఏ ఆసుపత్రికి పోవలెనో, ఏ త్రోవను పోవలెనో, రాత్రివేళ తోడు ఎవరో ఎనిమిదవ నెల నిండకముందే నిశ్చయించుకొనుడు. పరీక్షల కాగితములు, బట్టలు ఒక సంచిలో సిద్ధముగా నుంచుడు. నొప్పులు క్రమముగా దగ్గఱపడుచున్నను, ఉమ్మనీరు పోయినను, రక్తము కనబడినను, బిడ్డ కదలిక తగ్గినను, తలనొప్పితో చూపు మసకబాఱినను, మూర్ఛ వచ్చినను క్షణము తడయవలదు. 108కు ఫోను చేయుడు. బండిలో ఆమెను ఎడమప్రక్కకు తిరిగి పరుండజేయుడు. అన్నిటికంటె ముఖ్యముగా, పోవుదమని పలుకు అధికారము అత్తగారికో, మగనికో, నావంటి పంచాంగపఠకునికో కాక నొప్పులు పడు ఆమెకే యుండవలెను.

బిడ్డ ముహూర్తము చూచి పుట్టడు. మనము గడప దాటుటకు మాత్రము ముహూర్తమెందులకు?