తెరమీది తుపాకి ఆటకు వేగము వచ్చిన కథ

మైలవరం పేరు చెప్పగానే నూజివీడు సీమ మామిడి తోటలు గుర్తుకు వచ్చును. ఆ తోటల నడుమనే 1998లో ఒక ఇంజనీరింగు కళాశాల వెలసినది. 2008లో నూజివీడులో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ ప్రారంభమై, పల్లెల నుండి వచ్చిన విద్యార్థుల చేతికి లాప్‌టాప్‌లను ఇచ్చినది. కంప్యూటరు ఉన్నచోట ఆటలు కూడ ఉండును. ఆ ఆటలలో మిక్కిలి బరువైనవి, తుపాకి పట్టిన ఆటగాని కళ్లతోనే లోకమును చూపు షూటర్ ఆటలు. చదువు కొరకు కొన్న సాధారణ యంత్రము మీద వీటిని ఆడబోతే బొమ్మ తడబడును. ఆగి ఆగి కదలును. అప్పుడు ఇంటిలో పుట్టు ప్రశ్న ఒకటే: క్రొత్త యంత్రము కొనవలెనా? ఒక్క పంట మీద వచ్చిన డబ్బును ఏడాది పొడుగునా సర్దుకొను కుటుంబమునకు ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి జవాబు చాలవరకు ఈ ఆటల చరిత్రలోనే ఉన్నది.

మొదట లెక్క చూతము. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదలును. అవి ముందే తీసి ఉంచిన బొమ్మలు. ఆటలో అట్లు కుదరదు. ఆటగాడు ఏ క్షణమున ఎటు తిరుగునో ఎవరికిని తెలియదు గనుక, ప్రతి బొమ్మను అప్పటికప్పుడు గీయవలెను. సాధారణమైన తెర సెకనుకు 60 సార్లు మారును. అనగా ఒక్కొక్క బొమ్మకు లభించు వ్యవధి సెకనులో 60వ వంతు, సుమారు 16.7 మిల్లీసెకనులు. తెర వెడల్పు 1,920 చుక్కలు, ఎత్తు 1,080 చుక్కలు అయినచో, మొత్తము 20,73,600 చుక్కలకు రంగు నిర్ణయించుట ఆ వ్యవధిలోనే ముగియవలెను. ముగియనిచో బొమ్మ తడబడును.

1993 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 'డూమ్' అను ఆటను విడుదల చేసినది. ఆనాటి తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు మాత్రమే. అయినను ఆనాటి ప్రాసెసర్లకు ఆ 64,000 చుక్కలే భారము. ముఖ్య రచయిత జాన్ కార్మాక్ ఒక ఉపాయము పన్నినాడు. ఆటలోని కట్టడమును ముందుగానే ముక్కలుగా విభజించి, చెట్టు కొమ్మలవలె ఒక క్రమములో అమర్చి పెట్టినాడు. ఆటగాడు నిలిచిన చోటును బట్టి, ఏ గోడ ముందున్నదో, ఏది వెనుక ఉన్నదో ఆ చెట్టు వెంటనే చెప్పును. ముందు గోడను గీసిన పిమ్మట దాని చాటున ఉన్నదానిని గీయవలసిన పని లేదు. ఈ పద్ధతిని గూర్చి 1980లోనే ఫుక్స్, కెడెమ్, నేలర్ అను శాస్త్రజ్ఞులు వ్యాసము ప్రకటించియున్నారు. ఆటగానికి కూడ ఒక సౌకర్యము కల్పించినారు: యంత్రము నెమ్మదియైనచో ఆట కనబడు చట్రమును చిన్నది చేసికొనవచ్చును. చుక్కలు తగ్గును, వేగము పెరుగును.

1996 జూన్‌లో అదే సంస్థ 'క్వేక్'ను తెచ్చినది. ఇందులో పైకి క్రిందికి కూడ తల త్రిప్పి చూడవచ్చును. ఒక చోటినుండి ఏయే గదులు కనబడగలవో ఆటను తయారుచేయునప్పుడే లెక్కగట్టి పట్టికగా వ్రాసి ఉంచినారు. దూరపు గోడమీది నగిషీ సరిగా కనబడవలెనన్న ప్రతి చుక్కకు ఒక భాగహారము చేయవలెను. కంప్యూటరుకు భాగహారము నిదానమైన పని. కార్మాక్, మైకేల్ అబ్రాష్ కలిసి దానిని 16 చుక్కలకు ఒక్కమారు మాత్రము చేయించి, నడుమనున్న చుక్కలను అంచనాతో నింపినారు. పెంటియమ్ ప్రాసెసరులో ఒక భాగము ఈ భాగహారము చేయుచుండగా, మరొక భాగము చుక్కలకు రంగులు వేయుచుండెను. కంటికి తేడా తెలియదు. వేగము మాత్రము వచ్చినది.

ఇంతవరకు పనియంతయు ప్రాసెసరుదే. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థవారి 'వూడూ' కార్డు వచ్చి, చుక్కలకు రంగువేయు పనిని తన మీద వేసికొన్నది. 1999లో ఎన్విడియావారి 'జీఫోర్స్ 256' బొమ్మల ఆకారములను త్రిప్పుట, వెలుతురు లెక్కించుట కూడ తానే చేపట్టినది. ఒక చుక్క లెక్క ప్రక్క చుక్క లెక్కపై సాధారణముగా ఆధారపడదు. కనుక చిన్న చిన్న గణకములు అనేకము ఒకేసారి పనిచేయవచ్చును. గ్రాఫిక్స్ కార్డు బలమంతయు ఇందులోనే ఉన్నది.

2007 నవంబరులో జర్మనీలోని క్రైటెక్ సంస్థ 'క్రైసిస్'ను విడుదల చేసినది. ఆనాటి ఖరీదైన యంత్రములు సైతము దాని ముందు తలవంచినవి. ప్రాసెసరుకు సంబంధించిన పనిని అది ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదనే మోపినది. కాని ప్రాసెసర్ల గడియార వేగము ఏటేటా పెరుగు కాలము అప్పటికే ముగిసినది. 2004లోనే ఇన్‌టెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ప్రయత్నమును విరమించుకొన్నది. దీనికి ముఖ్య కారణము వేడి. ప్రాసెసరు వినియోగించు విద్యుత్తు గడియార వేగముతోపాటు, వోల్టేజి వర్గమును అనుసరించి కూడ పెరుగును. వేగము కొరకు వోల్టేజి పెంచినచో వేడి అంతకంటె త్వరగా హెచ్చును. అటుపిమ్మట కోర్ల సంఖ్యను పెంచుటయే మార్గమైనది.

ఈ చరిత్రలో తెలుగువారికిని చోటు కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివిన రాజా కోడూరి 1996లో ఎస్‌3 సంస్థలో చేరి, పిదప ఏటీఐ, ఏఎండీ, ఆపిల్ సంస్థలలో గ్రాఫిక్స్ పనికి సారథ్యము వహించినాడు. 2017లో ఇన్‌టెల్‌కు వెళ్లి 2023 వరకు అక్కడ ఉన్నాడు. ఆయన హయాములో, 2022లో ఇన్‌టెల్ 'ఆర్క్' కార్డులు వచ్చినవి. క్రొత్త ఆటలలో అవి బాగుగానే నడచినవి గాని, డైరెక్ట్‌ఎక్స్ 9 అను పాత పద్ధతిలో వ్రాసిన ఆటలలో తడబడినవి. 2023 ఫిబ్రవరిలో డ్రైవరును, అనగా కార్డును నడిపించు ప్రోగ్రామును, సవరించిన పిదప అట్టి ఆటలలో వేగము సగటున సుమారు 43 శాతము పెరిగినదని సంస్థ ప్రకటించినది. కార్డు అదే, మారినది ప్రోగ్రాము మాత్రమే.

2020లో వచ్చిన 'వాలరెంట్' అను షూటర్ ఆట మరొక సాక్ష్యము. పాత లాప్‌టాప్‌లలో ప్రాసెసరుతో కలిసియుండు సామాన్యమైన గ్రాఫిక్స్ మీద సైతము సెకనుకు 30 బొమ్మలు వచ్చునట్లు దానిని రూపొందించినారు. డూమ్ నుండి నేటివరకు మనకు కనబడు సూత్రము ఒక్కటే: చేయనక్కరలేని పనిని గుర్తించి మానినప్పుడు, పాత యంత్రమునకు కూడ వేగము వచ్చును.

ఇక మన ఇంటి యంత్రము సంగతి. తోటలో చిక్కముతో కాయలు కోయువారు పదిమంది, ఏరి పెట్టెలలో సర్దువారు ఇద్దరు ఉన్నారనుకొందము. కోతకు మరి ఐదుగురిని పెట్టినంత మాత్రమున నున్న మార్కెట్టుకు లారీ ముందుగా పోదు. కాయలు కుప్పపడును, అంతే. కంప్యూటరులోను ఇంతే. వెనుకబడినది ప్రాసెసరా, గ్రాఫిక్సా అని తేల్చుటకు తేలికైన పరీక్ష కలదు. ఆటలో తెర స్పష్టతను 1,920 × 1,080 నుండి 1,280 × 720కి తగ్గించి చూడవలెను. చుక్కలు రెండుంబావు వంతులు తగ్గును. సెకనుకు వచ్చు బొమ్మలు బాగుగా పెరిగినచో లోపము గ్రాఫిక్స్‌లో ఉన్నది. పెరగనిచో లోపము ప్రాసెసరుది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నను ప్రయోజనము ఉండదు. ప్రత్యేకమైన కార్డు లేని లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడ ర్యామ్‌నే వాడుకొనును. ర్యామ్ స్టిక్కు ఒక్కటే ఉన్నచో, దానికి జతగా రెండవదానిని చేర్చుట తరచుగా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చును.

మన ప్రాంతములో వాతావరణమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. మామిడి పండు కాలములో ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. గది 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడెక్కినచో, ఆ 15 డిగ్రీలు దాదాపు అట్లే ప్రాసెసరు వేడికి కూడుకొనును. అనేక లాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే తమ వేగమును తామే తగ్గించుకొనును. ఆట మొదట చక్కగా నడచి, పది నిమిషముల తరువాత తడబడుచున్నచో అనుమానింపవలసినది వేడినే. అట్టి యంత్రమును పరుపు మీద గాక బల్ల మీద పెట్టవలెను. ఫ్యానుకు పట్టిన దుమ్మును తీయించవలెను. తెర 60 బొమ్మలే చూపగలిగినప్పుడు 100 గీయుట వృథా శ్రమ, వృథా వేడి. కనుక ఆటలోని అమరికలలో 60 దగ్గర హద్దు పెట్టవలెను.

క్రొత్త సామాను కొనక ముందు ఆసక్తిగల విద్యార్థి ఈ చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒకే ఆట, ఒకే దృశ్యము తీసికొని తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నము ఒకసారి ఆడి, సెకనుకు వచ్చిన బొమ్మల సంఖ్యను, ప్రాసెసరు వేడిని ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. స్పష్టత తగ్గించి మరల కొలవవలెను. ఈ నాలుగు వరుసల పట్టికను చూపి ఇంటివారితో మాటలాడినచో, డబ్బు పెట్టవలెనా వద్దా, పెట్టినచో దేనిమీద పెట్టవలెను అను సంగతి వారికిని సులభముగా బోధపడును.