ఎవరి గోడమీది రైఫిలు

తుపాకీ అనే మాట తుర్కీ భాషనుంచి నడిచొచ్చి తెలుగులో కలిసింది. తూటా, షికారు మా ఇళ్ళలోని ఉర్దూ గుండా వచ్చాయి. మేము కుందా అన్నదాన్ని తెలుగులో మడమ అన్నారు, మేము నాలీ అన్నదాన్ని గొట్టం అన్నారు. షికారు మాటయితే ఎంత మారిపోయిందో! మాకు అది వేట. తెలుగులో సాయంత్రం చల్లగాలికి నడిచిరావడం. నెత్తుటి మాట గాలి పోసుకునే మాటయింది. తుపాకీకి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. ముఖ్యంగా అది మా పేర్ల పక్కన అచ్చయినప్పుడు.

మేము చెప్పబోయేది పాత బోల్టు రైఫిళ్ళ గురించి. నాటు తుపాకుల గురించి కాదు, ఫ్యాక్షన్ సినిమాల్లో పేలేవాటి గురించీ కాదు. తలుపు గడియలాంటి పిడిని పైకెత్తి వెనక్కి లాగితే కాలిన డొల్ల బయటికి దూకుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి పోతుంది. కిందికి వాలిస్తే గడియ పడుతుంది. 1898లో జర్మనీ మౌజర్ ఈ గడియను ఎంత గట్టిగా కుదిర్చాడంటే, నూరేళ్ళు దాటినా వేట రైఫిళ్ళు చేసేవాళ్ళు ఆ పద్ధతినే నమ్ముతున్నారు. బోల్టు ముందుభాగంలో రెండు చెవులు తాళంలా పడతాయి. పొడవాటి ఉక్కుగోరు డొల్లను పట్టి లాగుతుంది. లండన్‌లోని రిగ్బీ కంపెనీ ఆ మౌజర్ బోల్టుమీదే తన .275 రైఫిలు కట్టింది. చంపావత్‌లో మనుషుల్ని తినే ఆడపులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహూకరించింది అలాంటిదే. దాని కుందామీద చిన్న వెండిరేకు, దానిమీద ఆయన పేరు.

విలువ కట్టేవాళ్ళు చూసేవి వేరే. ఏ కంపెనీ, బోల్టుమీది నంబరూ రైఫిలు నంబరూ ఒకటేనా, గొట్టంలో మెలితిరిగిన గాడులు నిలిచాయా అరిగాయా, చెక్క అడుగున తుప్పు దాక్కుందా అని చూస్తారు. పాత నీలిపూత వెలిసి ఉక్కు తెల్లబడినా ఫరవాలేదు. కొత్తపూత వేయించి, కుందాకు మెరుగుపెట్టి తళతళలాడించారో, ధర సగం పోయినట్టే. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక ఉన్నవాటికే గిరాకీ పెరిగింది. అన్నిటికంటే ముందు లైసెన్సు కావాలి. కాగితం లేని రిగ్బీ ఆస్తి కాదు, నేరం. సైన్యం వాడే .303 తూటాను పౌరుల చేతికివ్వకూడదని బ్రిటిషువాళ్ళే నిషేధించారు. అందుకే మన ఆయుధ కర్మాగారాలు పౌరులకోసం అదే లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టుతో .315 చేశాయి. పేరున్న ఇంగ్లీషు రైఫిలు ముందు దానికి గౌరవం తక్కువే. మాకు మాత్రం అది మొరటుదైనా నమ్మకమైనదిగానే కనిపిస్తుంది.

ఇక మా అనంతపురం మెట్టనేల సంగతి. 1776లో హైదర్ అలీ మురారిరావు చేతిలోంచి గుత్తికోటను తీసుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక టిప్పు ఫౌజు చెదిరిపోయింది. 1800లో నిజాం ఈ దత్తమండలాన్ని కంపెనీకి రాసిచ్చాడు. మన్రో వచ్చి పాళెగాళ్ళ కోరలు తీశాడు. 1878లో లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, నల్లవాడికి కావాలి. అదే ఏడు అదే లిట్టన్ దేశభాషా పత్రికల నోరునొక్కే చట్టమూ తెచ్చాడు. విలేకరులం గనక మాకు ఆ రెండు చట్టాలూ కవలపిల్లల్లా కనిపిస్తాయి.

దట్టమైన అడవిలో అయితే రెండుగొట్టాల తుపాకీ చాలు. దాక్కోడానికి చెట్టులేని ఈ బీడులో కృష్ణజింక మనిషిని మైలు దూరంనుంచే పసిగడుతుంది. దూరం కొట్టే రైఫిలే కావాలి. ఆ రైఫిలు కొనగలిగింది దొరలు, జమీందార్లు, పెద్ద రైతులు, మాలో కొద్దిమంది ఉన్నవాళ్ళు. మాలో కొందరు ఇప్పటికీ మీసం మెలేసి నవాబుల వారసులమని చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. మాలో ఎక్కువమంది దూదేకినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు, మాంసం కోసినవాళ్ళు. రైఫిలు వాళ్ళది కాదు. వాళ్ళు దాన్ని మోశారు, తుడిచారు, నూనె పట్టించారు, జాడ చూపించారు.

ఇంకో పనికూడా వాళ్ళదే. తూటా దెబ్బకే ప్రాణం పోయిన జంతువు హలాల్ కాదని చాలామంది ఉలమా చెబుతారు. జింక పడగానే కత్తి పట్టుకుని పరుగెత్తాలి, ప్రాణం ఉండగానే బిస్మిల్లా చెప్పి జబహ్ చేయాలి. కాల్చినవాడు నీడకు చేరేసరికి మావాడు ముళ్ళకంపలో పరుగులో ఉంటాడు. ఇంగ్లీషు దొరల వేట పుస్తకాల్లో చాలాచోట్ల అతనికి పేరుండదు, 'నా షికారి' అంతే. వెండిరేకు కాల్చినవాడి పేరుకే సరిపోయింది.

ఆ వేట పోయిందని మేము ఏడవడం లేదు. 1972 వన్యప్రాణి చట్టం రాకముందే ఈ మైదానాలు బోసిపోతూ వచ్చాయి. బట్టమేక పిట్ట మాంసం రుచి తెలిసిన తరం దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. మిగిలినదానికోసం 1988లో పక్కన అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టాల్సొచ్చింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అది మంద కట్టి వేరుశెనగ చేలో పడితే కరువురైతు డబ్బా మోగించి తోలుకోవాలి తప్ప రాయి విసరకూడదు.

మాకున్న పేచీ అదే రైఫిలును రెండు కళ్ళతో చూడడం మీద. పొరుగున కొడగులో కొడవలు కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకీకి పూలు పెడతారు. బ్రిటిషు కాలంలో వాళ్ళకిచ్చిన లైసెన్సు మినహాయింపును 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. మంచిదే, మాకు అసూయ లేదు. పెద్దిళ్ళ హాల్లో జింకకొమ్ముల కింద వేలాడే రైఫిలును వంశగౌరవమంటారు. అదే రైఫిలు, అదే లైసెన్సుతో, ఒక సాయిబుగారింటి గోడమీద ఉంటే వచ్చిన చుట్టం కంపెనీ పేరు అడగడు. 'ఇదెందుకు మీకు?' అంటాడు. ప్రతి ఎన్నికలకూ లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించడం అందరికీ ఉన్న రివాజే. తిరిగొచ్చినదాని గొట్టంలో పట్టిన తుప్పూ అందరిదీ ఒకటే. ఆ ప్రశ్న మాత్రం మా ఒక్కరిది.

2019 సవరణతో ఒక మనిషికి మూడు కాదు, రెండే తుపాకులన్నారు. తాత ముత్తాతలవైనా సరే. మూడోదాన్ని వదులుకోడానికి ఏడాది గడువిచ్చారు. అలా ఎన్ని పాత రైఫిళ్ళు ఇళ్ళు దాటినా, వాటి కంపెనీ పేరూ నంబరూ ఏదో ఒక రిజిస్టరులో ఉంటాయి. మోసినవాడికి రిజిస్టరు లేదు. గుత్తిలో, కదిరిలో, పెనుకొండ బాబయ్య దర్గా వీధుల్లో వెతికితే వాళ్ళ కొడుకులు, మనవలు దొరుకుతారు. మేము నోటుపుస్తకం పట్టుకుని పోదామనుకుంటున్నాం. మొదటి ప్రశ్న రైఫిలు ఏ కంపెనీదని మాత్రం అడగొద్దని ముందే మాట్లాడుకున్నాం.