పాత ప్రాసెసర్లు చెప్పు చరిత్ర

నాణెములను, శాసనములను సేకరించి గతమును తెలిసికొనుట మనకు క్రొత్త కాదు. రాజమహేంద్రవరమందలి రాళ్ళబండి సుబ్బారావు ప్రదర్శనశాల అట్టి కృషికి నిదర్శనము. బల్లమీది కంప్యూటరును నడిపించు ప్రాసెసరును సైతము అదే విధమున భద్రపరుపవలెనను తలంపు మాత్రము ఇంకను అరుదు.

ఈ చరిత్రతో గోదావరి సీమకు సంబంధము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, 1967లో హైదరాబాదున ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు స్థాపకులు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. ఒక్కమారు పండ్రెండు బిట్లను గ్రహించుటచే దానికా సంఖ్య వచ్చినది. అందు ప్రాసెసరనగా పెక్కు విద్యుత్ పలకల కూర్పు.

ఆ పలకల పని క్రమముగా ఒక్క సిలికాను బిళ్లలో ఇమిడినది. 1971 నాటి ఇంటెల్ 4004లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. 1978 నాటి 8086లో 29,000. 1985 నాటి 386లో 2,75,000. 1989 నాటి 486లో సుమారు 12 లక్షలు.

అయితే అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినంత మాత్రమున పోలిక పూర్తి కాదు. 386, 486 రెండింటిలోను 33 మెగాహెర్ట్జ్ రకములు కలవు. అనగా రెండును సెకనుకు మూడు కోట్ల ముప్పది లక్షల స్పందనలతో నడచును. అయినను 486 అదే పనిని రమారమి సగము కాలములో ముగించును. రెండు ఏతములు సమానముగా వంగినను, బాన పెద్దదైన ఏతము ఎక్కువ నీరు తోడును గదా! 486 తన లోపలనే ఎనిమిది కిలోబైట్ల జ్ఞాపకమును ఉంచుకొని, ఒక్కొక్క స్పందనకు ఎక్కువ పని సాధించును.

కావున సేకర్త ప్రాసెసరును దాని మాతృఫలకముతో, జ్ఞాపక పలకలతో కలిపి ఉంచవలెను. ఒకే లెక్కను అన్నిటికి ఇచ్చి కాలమును కొలిచిననే న్యాయమైన పోలిక లభించును. విడిగా దాచునపుడు సాధారణ ప్లాస్టిక్ సంచి తగదు. అందు పుట్టు స్థిర విద్యుత్తు బిళ్లను చెఱచును.

నేడు వీనికి గొప్ప శత్రువు వాని యందలి బంగారమే. పాత పింగాణి ప్రాసెసర్లపై గల పలుచని పూతకై వానిని ఆమ్లములలో కరగించుచున్నారు. ఆ ఆవిరి పనివాని ఊపిరితిత్తులకు, ఆ ద్రవము నేలకు హాని చేయును. లభించునది చిటికెడు లోహము. నశించునది ఒక యుగపు సాక్ష్యము.

ఇంట మూలబడిన పెట్టెను పాత సామానులవానికి ఇచ్చుటకు ముందు ఒక్కమారు తెరచి, ప్రాసెసరుపై గల పేరును, సంఖ్యను, అది ఏయే పనులకు ఉపయోగపడినదో వ్రాసి ఉంచుడు. తరువాతి తరమువారికి ఆ కాగితము శాసనపాఠమంత విలువైనది కాగలదు.