విరమణ తర్వాత విరిసిన తత్త్వవేత్త

పదవీ విరమణతో పని ముగిసిందనుకొనే మిత్రులకు బ్రిటిష్ తత్త్వవేత్త మేరీ మిడ్జ్‌లీ జీవితాన్ని పరిచయం చేయాలని నా అభిలాష.

ఆమె 1919లో లండన్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో నవలా రచయిత్రి ఐరిస్ మర్డోక్ ఆమె సహాధ్యాయిని. 1950లో వివాహమై న్యూకాజిల్‌లో స్థిరపడ్డారు. ముగ్గురు కుమారులను పెంచారు. తర్వాత అక్కడి విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించారు. మొదటి గ్రంథం 'బీస్ట్ అండ్ మ్యాన్' 1978లో వెలువడేనాటికి ఆమె అరవయ్యో పడికి చేరువలో ఉన్నారు. మనిషి కూడా జంతువేనని, ఆ మాటలో అవమానమేమీ లేదని అందులో వాదించారు.

1980లో ఉద్యోగ విరమణ చేశారు. ఆమె గ్రంథాలలో అధిక భాగం ఆ తర్వాత వచ్చినవే. తత్త్వశాస్త్రాన్ని ఆమె ఇంటి నీటి గొట్టాల పనితో పోల్చారు. గొట్టాలు నేల కింద సక్రమంగా ఉన్నంతకాలం ఎవరికీ గుర్తు రావు. నీరు కారితేనే తవ్వి చూస్తాం. మన ఆలోచనలకు ఆధారమైన నమ్మకాలూ అటువంటివేనని ఆమె భావం.

చివరి గ్రంథం 2018లో వెలువడింది. ఆ ఏడాదే అక్టోబరు 10న, 99 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు.

యాభై దాటేవరకు పుస్తకం వ్రాయనందుకు సంతోషమేనని, అంతకుముందు తన అభిప్రాయాలేమిటో తనకే తెలియవని ఆమె అనేవారు. ఇన్నేళ్ల అనుభవంతో మన అభిప్రాయాలేమిటో మనకిప్పుడు తెలుసు. వాటిని కాగితంపై పెట్టే తీరికా ఉంది. మన పిల్లల కోసమైనా వ్రాద్దాం.