రూపాయల అప్పు, బస్తాల పంట



అప్పు చేసి పొలం కొనవచ్చునా అని మీలో పలువురు అడుగుతుంటారు. ఔననో కాదనో చెప్పే ముందు, కృష్ణా గోదావరి డెల్టా రైతులకు మన తాతల నాడు జరిగిన సంగతి వినండి.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. ఆ తరువాత కొన్నేండ్లు ధాన్యం మంచి ధర పలికింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికే పూర్తయి ఉన్నాయి. నీటికి లోటు లేదు. మాగాణి ధర ఎగబాకింది. భూమి ఎక్కడికి పోతుందిలే అని రైతు నోటు రాశాడు. తనఖా ఉందిగదా అని షావుకారు ఇచ్చాడు. ఆనాటి ధర కలకాలం ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు.

1929 చివర న్యూయార్కులో వాటాల బజారు కూలింది. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి మన కల్లం! అయినా 1930 నుండి ఇక్కడా ధాన్యం ధర పడిపోయింది. పైగా బర్మా బియ్యం చౌకగా వచ్చి పడుతున్నది.

లెక్క కోసం ఇలా అనుకోండి. బస్తా 8 రూపాయలున్నప్పుడు 800 రూపాయలు అప్పు తెచ్చాడు. అంటే నూరు బస్తాలు. ధర 4 రూపాయలకు దిగితే అదే అప్పు రెండు వందల బస్తాలు! నూటికి 12 వడ్డీ అయితే ఏటా 12 బస్తాలు పోయేచోట 24 పోతాయి. నోటులో ఒక్క అక్షరమూ మారలేదు, చూశారా? శిస్తు కూడా రొక్కమే. నోటు మీద సంతకం పెట్టేముందు అప్పును బస్తాల్లోకి మార్చి, ధర సగమైతే ఏమిటని ఇంట్లో ఆడవారితో కూడా కూర్చుని చూసుకోండి.

ఆడవారి మాట ఊరికే అనలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు తన నాణేనికి బంగారంతో ఉన్న ముడి విప్పేసింది. బంగారం ధర పెరిగింది. దేశమంతటా ఎన్నో ఇళ్ల నగలు అమ్ముడై ఓడలెక్కాయి. అప్పుతో కొన్న పొలం ధర తగ్గిన రోజుల్లో, అప్పులేని పెట్టెలోని నగ ఆదుకున్నది.

మద్రాసు ప్రభుత్వం 1938లో రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందరి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి ఉన్న వడ్డీ బాకీ కొట్టివేసింది. అప్పటికే పొలం అమ్ముకున్నవారికి అది ఆలస్యమే. మరి షావుకారుకు బదులు ఎవరున్నారు? సహకార పరపతి చట్టం 1904లోనే వచ్చింది. అయినా 1951-52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో, రైతుల అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది నూటికి మూడు రూపాయల చిల్లర.